ఏఎన్ఏ పాజిటివ్ అంటే లూపస్ ఉన్నట్టేనా? ఆటో యాంటీబాడీ పరీక్షలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక ల్యాబ్‌లో ఇమ్యునాలజీ రిపోర్టులు చూసి సంతకం పెట్టే పని నాది. కవరు విప్పి చదవగానే మళ్లీ కౌంటర్ దగ్గరికే వచ్చి జనం అడిగే ప్రశ్నలు ఇవి. పలమనేరు, శ్రీకాళహస్తి, నగరి వైపు నుంచి ఫోన్ చేసి అడిగేవి కూడా కలిపాను. మందుల సంగతి మీ డాక్టరు చూసుకుంటారు. ఆ కాగితం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో అంతవరకే ఇక్కడ.

మా పాపకి ఏఎన్ఏ పాజిటివ్ అని వచ్చింది. లూపస్ ఉన్నట్టేనా సార్?

ఆ ఒక్క మాటతో ఉన్నట్టు కాదు.

బయటి క్రిముల మీదికి పోవాల్సిన యాంటీబాడీలు కొన్నిసార్లు సొంత ఒంటి మీదికే తిరుగుతాయి. వాటిని ఆటో యాంటీబాడీలు అంటారు. ఇలా ఒళ్లే తన మీద తిరగబడి చర్మం, కీళ్లు, కిడ్నీల వంటివాటిని దెబ్బతీసే జబ్బుల్లో ఒకటి లూపస్. మన కణాల కేంద్రకంలో ఉండే పదార్థాల మీదికి తిరిగినవి ఏఎన్ఏ. ఇవి ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఉంటాయి. 1997లో పలు దేశాల ల్యాబ్‌లు కలిసి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షిస్తే 1:40 పలచన (అంటే నలభై వంతులు పలచన చేసిన రక్తం) దగ్గర దాదాపు 32 శాతం మందికి, 1:80 దగ్గర 13 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ తేలింది. 1:320 దగ్గర కూడా 3 శాతం మంది మిగిలారు.

ఒక లెక్క వేసి చూడండి. తిరుపతిలో దారిన పోయే లక్ష మందికి ఈ పరీక్ష చేస్తే 1:160 దగ్గర అయిదు వేల మందికి పాజిటివ్ రావచ్చు. లూపస్ మాత్రం లక్షకు పదుల్లో లెక్కపెట్టే జబ్బు. అంటే ఆ అయిదు వేల మందిలో నూటికి తొంభై తొమ్మిది మందికి లూపస్ ఉండదు. అదే పరీక్షను కీళ్లు వాచి, బుగ్గలు ఎర్రబడి, యూరిన్‌లో ప్రోటీన్ పోతున్న ఇరవై రెండేళ్ల అమ్మాయికి చేస్తే ఆ పాజిటివ్‌కు విలువే వేరు. పరీక్ష ఒకటే, అంకె కూడా ఒకటే. ఎవరికి చేశారు, ఎందుకు చేశారు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. కింద ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా ఈ లెక్క మీదే చెబుతాను.

నెగెటివ్ వస్తే లూపస్ లేదని ధైర్యంగా ఉండొచ్చా?

చాలావరకు ఉండొచ్చు. ఈ పరీక్ష అసలు ఉపయోగం ఇక్కడే. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు 98 శాతం మందికి 1:80 దగ్గర పాజిటివ్ వస్తుంది. కాబట్టి సరైన పద్ధతిలో చేసిన ఏఎన్ఏ నెగెటివ్ అయితే డాక్టరు వేరే కారణం వెతకడం మొదలుపెడతారు. మినహాయింపులు లేకపోలేదు. రో, జో-1 లాంటి కొన్ని యాంటీబాడీలు ఉన్నా ఏఎన్ఏ నెగెటివ్‌గా కనిపించవచ్చు. లక్షణాలు గట్టిగా ఉంటే ఒక్క నెగెటివ్ చూసి డాక్టర్లు వదిలేయరు.

1:100, 1:320, 1:1000 అని రాస్తారు కదా. అంకె పెద్దదైతే జబ్బు ముదిరినట్టా?

కాదు. పుల్ల మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోతే ఎంత పలచన దాకా పులుపు తెలుస్తుందో చూసినట్టే ఇది. మీ రక్తంలోని సీరాన్ని వంద వంతులు, మూడు వందల ఇరవై వంతులు, వెయ్యి వంతులు పలచన చేస్తూ ఎక్కడిదాకా మెరుపు కనిపిస్తుందో చూస్తాం. ఆ చివరి పలచనే రిపోర్టులోని అంకె.

అంకె పెద్దదయ్యేకొద్దీ అది ఊరికే వచ్చిన పాజిటివ్ అయ్యే అవకాశం తగ్గుతుంది, అంతే. 1:1000 ఉన్న మనిషి హాయిగా ఇరవై ఏళ్లు గడపవచ్చు. 1:100 ఉన్న మనిషికి కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు. జబ్బు జోరు చూడడానికి వేరే పరీక్షలున్నాయి.

ఆ మెరుపు అంటున్నారే, అసలు ఎలా చూస్తారు?

అడిగేవాళ్లు తక్కువ, నాకు చెప్పాలని మాత్రం ఎక్కువ. గాజు స్లైడు మీద చిన్న చిన్న గడులుంటాయి. ప్రతి గడిలో హెప్-2 అనే మనిషి కణాలు పలచటి పొరలా పరిచి ఉంటాయి. వాటి మీద పలచన చేసిన మీ సీరం చుక్క వేసి అరగంట ఉంచుతాం. యాంటీబాడీ ఉంటే కణానికి అంటుకుంటుంది. లేకపోతే కడిగినప్పుడు నీళ్లతో పోతుంది. తర్వాత మెరిసే రంగు తగిలించిన ఇంకో యాంటీబాడీ వేసి, మళ్లీ కడిగి, చీకటి గదిలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడతాం. పాజిటివ్ అయితే నల్లటి తెర మీద లేత ఆకుపచ్చ గుండ్రాలు వెలుగుతాయి. పక్క గడుల్లో తప్పకుండా పాజిటివ్ రావాల్సిన సీరం ఒకటి, రాకూడనిది ఒకటి పెడతాం. అవి సరిగ్గా రాకపోతే ఆ రోజు స్లైడు మొత్తం పక్కన పడేయాల్సిందే.

మొదట నా కన్ను వెతికేది విభజన జరుగుతున్న కణాలను. అక్కడ క్రోమోజోములు వరసకట్టి ఉంటాయి. ఆ వరస వెలుగుతోందా, చీకటిగా ఉందా అన్నదాన్ని బట్టే సగం సంగతి తేలిపోతుంది. 2+, 3+ అని రాసేది ఆ వెలుగు తీవ్రత. అది కంటితో వేసిన అంచనా కాబట్టి ఇద్దరు చూస్తే కాస్త తేడా రావచ్చు. ఒక ల్యాబ్‌లో 1:100, ఇంకో చోట 1:320 అని వస్తే ఎవరో మోసం చేశారని అనుకోవద్దు.

కొన్నిచోట్ల ఇదంతా లేకుండా ఎలైజా అనే మిషన్ పద్ధతిలో చేసి ఒక అంకె ఇస్తారు. ఖర్చు తక్కువ, త్వరగా అయిపోతుంది. కానీ ఆ మిషన్ ప్లేటు గుంటల్లో పెట్టిన కొన్ని పదార్థాలనే అది వెతుకుతుంది. అనుమానం గట్టిగా ఉన్నప్పుడు ఇమ్యునోఫ్లోరసెన్స్‌తో (పైన చెప్పిన మెరుపు పద్ధతితో) చేయించమని రుమటాలజిస్టులు, అంటే కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బుల డాక్టర్లు అడిగేది అందుకే. రిపోర్టు కింద పద్ధతి పేరు రాసి ఉంటుంది, చూసుకోండి.

స్పెకిల్డ్, హోమోజీనియస్ అని ప్యాటర్న్ రాశారు. ఏది ప్రమాదం?

ప్యాటర్న్ దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు. కేంద్రకం అంతా ఒకేలా నిండుగా వెలిగితే హోమోజీనియస్. డీఎస్‌డీఎన్ఏ (రెండు పోగుల డీఎన్ఏ), హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్ల) మీద యాంటీబాడీలు ఉండవచ్చని సూచన. చుక్కలు చుక్కలుగా ఉంటే స్పెకిల్డ్. దీని వెనక స్మిత్, ఆర్ఎన్‌పీ, రో, లా అనే పేర్ల యాంటీబాడీలు ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా. మేం ఎక్కువగా రాసేది ఇదే, జనం ఎక్కువగా టెన్షన్ పడేదీ దీన్ని చూసే. సెంట్రోమియర్ ప్యాటర్న్ మాత్రం చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది. లెక్కపెట్టగలిగేటన్ని చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. చలికి వేళ్లు తెల్లబడి నీలమయ్యేవాళ్లలో అది కనిపిస్తే చర్మం బిగుసుకునే స్క్లెరోడెర్మా జబ్బు వైపు ఆలోచిస్తారు.

ఇంకో ప్యాటర్న్ గురించి తప్పకుండా చెప్పాలి. డెన్స్ ఫైన్ స్పెకిల్డ్ అని ఉండి, డీఎఫ్ఎస్-70 అనే యాంటీబాడీ ఒక్కటే పాజిటివ్ అయితే అది చాలాసార్లు మంచి వార్త. ఏ జబ్బూ లేనివాళ్లలో అది ఎక్కువగా కనిపిస్తుంది.

ఏఎన్ఏ ప్రొఫైల్ అని పెద్ద లిస్టు ఇచ్చారు. అందులో ఒకచోట ప్లస్ ఉంది.

సన్నటి పట్టీ మీద పదిహేను, పదహారు రకాల పదార్థాలను గీతలుగా అద్ది ఉంచుతారు. మీ సీరంలో దేని మీద యాంటీబాడీ ఉంటే ఆ గీత నల్లబడుతుంది. ఇన్ని గీతలు ఒకేసారి చూస్తే ఎక్కడో ఒకటి లేతగా తేలడం మామూలే. లక్షణాలు లేకుండా ఒక్క గీత లేత పాజిటివ్ చూపిస్తే నేనైతే దాన్ని పెద్దగా పట్టించుకోను. గట్టిగా, నల్లగా, లక్షణాలతో పొంతన కుదిరేలా ఉన్న గీత వేరే సంగతి.

ఏఎన్ఏ పాజిటివ్, జబ్బు అనుమానం రెండూ ఉంటే తప్ప ఈ ప్రొఫైల్ చేయించవద్దని అమెరికా రుమటాలజీ కాలేజీ 2013లోనే డాక్టర్లకు సూచించింది. మన దగ్గర మాత్రం ఏఎన్ఏ, ప్రొఫైల్ రెండూ కలిపి ఒకే చీటీ మీద రాసిచ్చేస్తుంటారు. డబ్బుకు ఇబ్బంది అయితే "ముందు ఏఎన్ఏ చూసి తర్వాత మిగతావి చేయించొచ్చా" అని డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు.

డీఎస్‌డీఎన్ఏ పాజిటివ్ అంటే?

ఇక్కడి నుంచి విషయం బరువెక్కుతుంది. ఈ యాంటీబాడీ లూపస్ ఉన్నవాళ్లలో ఏదో ఒక దశలో దాదాపు 70 శాతం మందికి కనిపిస్తుంది. మిగతా జబ్బుల్లో అరుదు. ఎక్కువ మోతాదులో ఉంటే కిడ్నీ జబ్బుతో దీనికి దగ్గరి సంబంధం ఉంది. ఈ యాంటీబాడీలు కిడ్నీలోని వడపోత గుచ్ఛాల్లో పేరుకుని, అక్కడ కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లను ఖర్చు చేయిస్తాయి, వాపు తెస్తాయి. అందుకే డీఎస్‌డీఎన్ఏ పెరిగి, ఆ కాంప్లిమెంట్ ప్రోటీన్లయిన సీ3, సీ4 అంకెలు తగ్గితే డాక్టరు ముఖం సీరియస్ అవుతుంది.

ఏఎన్ఏకు లేని గుణం దీనికి ఇంకొకటి ఉంది. జబ్బుతో పాటు పెరుగుతుంది, మందులతో తగ్గుతుంది. అందువల్ల మళ్లీ మళ్లీ చేయించడంలో అర్థం ఉంది. కాకపోతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించండి. ఎలైజా తక్కువ మోతాదును కూడా పట్టేస్తుంది కాబట్టి అందులో ఉత్తుత్తి పాజిటివ్‌లు కొంచెం ఎక్కువ. అనుమానం తీర్చుకోవడానికి క్రితీడియా అనే పరీక్ష చేస్తాం. క్రితీడియా లూసిలియే ఒక సూక్ష్మజీవి. దాని ఒంట్లో కేంద్రకం కాకుండా తోక మొదట్లో ఒక చిన్న బిందువు ఉంటుంది. అందులో ఉండేది డీఎన్ఏ. ఆ బిందువు వెలిగిందంటే డీఎస్‌డీఎన్ఏ నిజంగా ఉందని ధైర్యంగా సంతకం పెడతాను.

డీఎస్‌డీఎన్ఏ ఎక్కువగా ఉండి మనిషి కులాసాగా ఉన్న సందర్భాలూ ఉంటాయి. అలాంటివారికి అంకె చూసి మందు పెంచరు, దగ్గరగా గమనిస్తూ ఉంటారు.

యాంటీ-స్మిత్?

లూపస్‌ను అన్నిటికంటే గట్టిగా పట్టి చూపేది ఇదే. అయితే రోగుల్లో పావు వంతు మందికో, ఇంకొంచెం ఎక్కువ మందికో మాత్రమే ఉంటుంది. ఉంటే దాదాపు ఖాయం, లేకపోతే ఏమీ తేలనట్టు. దీన్ని 1966లో మొదటిసారి వర్ణించారు. రో, లా లాగే దీనికీ ఒక రోగి పేరే పెట్టారు. పట్టీ మీద స్మిత్ గీతకు పక్కనే ఆర్ఎన్‌పీ గీత ఉంటుంది. ఆర్ఎన్‌పీ ఒక్కటే బాగా ఎక్కువగా ఉండి, వేళ్లు ఉబ్బి, చలికి రంగు మారుతుంటే మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ అనే కలగలుపు జబ్బును ఆలోచిస్తారు.

మా కోడలికి రో పాజిటివ్. ఇప్పుడు మూడో నెల. బిడ్డకు ఏమైనా అవుతుందా?

ఎక్కువ మంది బిడ్డలకు ఏమీ కాదు. ఇది ముందే తెలిస్తే మాత్రం మేలు.

రో, లా యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ ఒంట్లోకి వెళతాయి. కొందరు పిల్లలకు పుట్టిన కొత్తలో ఎర్రటి మచ్చలు వస్తాయి. తల్లి యాంటీబాడీలు ఆరేడు నెలల్లో బిడ్డ రక్తం నుంచి పోతాయి, మచ్చలు కూడా పోతాయి. అసలు భయం గుండెతో. నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో గుండె కొట్టుకునే సంకేతం పైనుంచి కిందికి దిగకుండా అడ్డు పడుతుంది. పూర్తిగా అడ్డు పడితే అది వెనక్కి తగ్గదు, బిడ్డకు పేస్‌మేకర్ అవసరం కావచ్చు. ముందు కాన్పులో ఇలా జరిగి ఉంటే మళ్లీ జరిగే అవకాశం ఆరుగురిలో ఒకరి దాకా ఉంటుంది. అలాంటి తల్లులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

ఈ అడ్డు ఎక్కువగా పడేది 16 నుంచి 26 వారాల మధ్య. మన ఇళ్లలో సీమంతం చేసి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పంపి, "అక్కడ మంచి డాక్టరు ఉంది, చూపించుకుంటుంది" అంటారు. అప్పటికి ఆ వారాలు దాటిపోయి ఉంటాయి. నాలుగో నెల నుంచే బిడ్డ గుండె స్కాన్ ఎన్నాళ్లకోసారి తీయాలో గైనకాలజిస్టుతో మాట్లాడుకోండి. కోడలికి లూపస్ లక్షణాలేవీ లేకపోయినా, రో ఉంటే ఇదే మాట.

రెండుసార్లు గర్భం పోయింది. ఏపీఎల్ఏ టెస్ట్ రాశారు. అదీ లూపస్ పరీక్షేనా?

ఏపీఎల్ఏ అంటే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. ఇవి లూపస్‌తో కలిసి రావచ్చు, విడిగానూ రావచ్చు. ఇందులో మూడు ఉంటాయి: కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్, లూపస్ యాంటీకోయాగులెంట్. మూడోదాని పేరు చూసి చాలామంది హడలిపోతారు. అది ఉన్నంత మాత్రాన లూపస్ ఉన్నట్టు కాదు. ఇంకో తికమక కూడా ఉంది. ల్యాబ్ ట్యూబులో అది రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, మనిషి ఒంట్లో మాత్రం గడ్డలు కట్టిస్తుంది. కాలి రక్తనాళాల్లో గడ్డ, చిన్న వయసులో పక్షవాతం, గర్భం నిలవకపోవడం దీని పనులే.

ఒక్కసారి పాజిటివ్ వస్తే చాలదు. జ్వరాలు, ఇన్ఫెక్షన్ల తర్వాత ఇవి కొన్నాళ్లు కనిపించి పోతుంటాయి. కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేస్తే, అప్పుడూ ఉంటేనే లెక్క. హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతుంటే ల్యాబ్‌కు ముందే చెప్పండి, యాంటీకోయాగులెంట్ ఫలితం తారుమారవుతుంది.

ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు సుఖవ్యాధి పరీక్ష వీడీఆర్ఎల్ తప్పుగా పాజిటివ్ రావచ్చు. గర్భిణులందరికీ ఆ పరీక్ష చేస్తారు కదా. ఆ కాగితం పట్టుకుని మొగుడూ పెళ్లాం గొడవపడేముందు టీపీహెచ్ఏ అనే ఖరారు పరీక్ష చేయించాలి. కాపురాల సంగతి కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

డాక్టరు లూపస్ అని ఎలా తేలుస్తారు మరి?

లక్షణాలు, రక్తం, యూరిన్ అన్నీ కలిపి. 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. ఏఎన్ఏ 1:80 లేదా అంతకు పైన ఉండడం లోపలికి వచ్చే టికెట్ మాత్రమే, దానికి మార్కులే లేవు. డీఎస్‌డీఎన్ఏ గానీ స్మిత్ గానీ ఉంటే 6, కీళ్లకు 6, సీ3, సీ4 రెండూ తగ్గితే 4, తెల్లకణాలు తగ్గితే 3, నోటి పూతకు 2, జుట్టు ఊడడానికి 2. కిడ్నీ బయాప్సీలో మూడు లేదా నాలుగో తరగతి జబ్బు కనిపిస్తే ఒక్కదానికే 10. మొత్తం కనీసం 10 రావాలి, అందులో కనీసం ఒకటి మనిషి ఒంట్లో కనిపించే లక్షణం అయి ఉండాలి. యాంటీబాడీ రిపోర్టులు ఎన్ని పాజిటివ్ వచ్చినా వాటితోనే లూపస్ అనడానికి ఆ పద్ధతి ఒప్పుకోదు.

ఇది పరిశోధనల్లో రోగులను ఒకే కొలతతో ఎంచుకోవడానికి పెట్టింది. దీన్ని చూసి ఇంట్లో కూర్చుని మార్కులు వేసుకోవద్దు. అయినా వేస్తారని తెలుసు, అందుకే వివరంగా రాశాను.

ఇన్ని ఖరీదైన పరీక్షల్లో తప్పకుండా చేయించాల్సింది ఒకటి చెప్పండి.

యూరిన్ టెస్ట్. అన్నిటికంటే చౌక, అందరూ మర్చిపోయేదీ అదే.

లూపస్ రోగుల్లో పది మందిలో నలుగురి దాకా కిడ్నీ దెబ్బతింటుంది. మొదట్లో నొప్పి ఉండదు. కాళ్లకు నీరు చేరి, పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు కనిపించే సరికి ఆలస్యమై ఉండవచ్చు. యూరిన్‌లో ప్రోటీన్, రక్తకణాలు మాత్రం ముందే కనబడతాయి. రోజుకు అర గ్రాము మించి ప్రోటీన్ పోతోందంటే బయాప్సీ మాట వస్తుంది. ప్రొఫైల్‌కు వేలు ఖర్చు పెట్టి, "యూరిన్ ఎందుకులే" అని డబ్బా ఖాళీగా ఇచ్చేసి వెళ్లేవాళ్లను చూస్తే నాకు మండుకొస్తుంది. పక్కనే బీపీ కూడా చూపించుకోండి.

చికున్‌గున్యా వచ్చి తగ్గింది, కీళ్ల నొప్పులు పోలేదు. ఏఎన్ఏ లేతగా పాజిటివ్.

2006లో రాయలసీమను చుట్టేసిన చికున్‌గున్యా గుర్తుందా? అప్పుడు నెలల తరబడి మెట్లెక్కలేకపోయిన వాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ జబ్బు తర్వాత కొంతకాలం ఏఎన్ఏ, ఆర్ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చూసే యాంటీబాడీ) తేలడం మామూలే. టీబీ, కుష్టు, మలేరియా, హెపటైటిస్-సీలో కూడా ఆటో యాంటీబాడీలు కనిపిస్తాయి. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లలోనూ ఏఎన్ఏ పాజిటివ్ తరచుగా వస్తుంది. లక్షణాలు తగ్గుతూ ఉంటే కొన్ని నెలలు ఆగి చూడడమే సరైన వైద్యం.

టీబీ మందులు వాడుతుంటే లూపస్ వస్తుందా?

ఐసోనియాజిడ్‌తో, బీపీకి వాడే హైడ్రలజీన్‌తో, మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్‌తో కొందరికి లూపస్‌ను పోలిన కీళ్లనొప్పులు, జ్వరం వస్తాయి. చాలాసార్లు హిస్టోన్ యాంటీబాడీ తోడుంటుంది. మందు ఆపితే వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. అయితే హిస్టోన్ యాంటీబాడీ మామూలు లూపస్‌లోనూ ఉంటుంది కాబట్టి ఆ గీత ఒక్కటి చూసి మందు మీద నింద వేయలేం. టీబీ మందు మాత్రం మీ అంతట మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి.

కీళ్లు వాస్తే పుత్తూరు కట్టు కట్టించాం. తగ్గలేదు.

పుత్తూరు కట్టుకు పేరు వచ్చింది విరిగిన ఎముకలతో. ఇది ఎముక విరిగిన వాపు కాదు. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు బిగుసుకుని, రెండు చేతులకూ ఒకేలా వాపు వస్తుంటే లోపల వాతం జబ్బు నడుస్తోందని అర్థం. ఆర్ఏ ఫ్యాక్టర్, సీసీపీ అనే యాంటీబాడీ పరీక్షలు చేయిస్తారు. ఆర్ఏ ఫ్యాక్టర్ ముసలివాళ్లలో, ఇన్ఫెక్షన్లలో కూడా తేలుతుంది. సీసీపీ పాజిటివ్ అయితే రుమటాయిడ్ కీళ్లవాతం వైపు మొగ్గు చాలా ఎక్కువ. దాన్ని ఆలస్యం చేస్తే కీళ్లు వంకరపోతాయి. లూపస్‌లో కీళ్లు నొప్పి పెట్టినా సాధారణంగా అరిగిపోవు.

బుగ్గల మీద మచ్చలు వచ్చాయి. మంగు అనుకున్నాం.

ఎక్కువసార్లు మంగే అయి ఉంటుంది. మంగు గోధుమ రంగులో, నొప్పి లేకుండా, మెల్లగా ముదురుతుంది. లూపస్ మచ్చ ఎర్రగా ఉంటుంది, ఎండలో తిరిగొచ్చాక ఎక్కువవుతుంది, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే మడతను వదిలేసి రెండు బుగ్గల మీద పరుచుకుంటుంది. దానికి తోడు జ్వరం, నోటి పూత, కీళ్లనొప్పులు ఉంటే చూపించుకోవాలి. గంగమ్మ జాతర ఎండల్లో తిరిగొచ్చి ముఖం ఎర్రబడితే మాత్రం రెండు రోజులు ఆగి చూడండి, రక్తం ఇవ్వడానికి పరిగెత్తకండి.

ఇంకొందరు జుట్టు ఊడుతోందని, తలనీలాలు ఇస్తే మంచిదా అని అడుగుతారు. మొక్కు తీర్చుకోవడానికి అడ్డేమీ లేదు. లూపస్ ఉన్నవాళ్లు గుండు మీద ఎండ తగలకుండా టోపీ పెట్టుకోవాలి, అంతే.

స్క్లెరోడెర్మా, మయోసైటిస్ లాంటివాటికి ఏ యాంటీబాడీలు?

ఎస్‌సీఎల్-70 ఉంటే చర్మం బిగుసుకునే స్క్లెరోడెర్మా, ఊపిరితిత్తుల మీద కన్నేయాలి. జో-1 ఉంటే కండరాల వాపు, దాంతోపాటు ఊపిరితిత్తులు. ఏఎంఏ-ఎం2 ఉంటే లివర్ పరీక్షలు చూస్తారు. ఆన్‌కా అనేది రక్తనాళాల వాపు జబ్బులకు, అది ఈ పట్టీలో ఉండదు, విడిగా చేయించాలి. కీళ్లు వాచిన చిన్నపిల్లల్లో ఏఎన్ఏ పాజిటివ్ అయితే కంటి డాక్టరుకు చూపించడం తప్పనిసరి. ఆ పిల్లలకు నొప్పి, ఎరుపు లేకుండానే కంటి లోపల వాపు రావచ్చు.

పరగడుపున రావాలా?

అక్కర్లేదు. తిని రండి. మిగతా పరీక్షలకు అవసరమైతే ల్యాబ్‌వాళ్లే చెబుతారు.

అక్కకు లూపస్. చెల్లెలికి కూడా ఏఎన్ఏ చేయించాలా?

లక్షణాలు లేకపోతే వద్దు. రక్తసంబంధీకుల్లో ఏఎన్ఏ పాజిటివ్ ఎక్కువగానే కనిపిస్తుంది, వాళ్లలో అత్యధికులకు జబ్బు రాదు. చెల్లెలికి పెళ్లి సంబంధాలు చూస్తుంటే ఆ కాగితం అనవసరంగా ఇంకో తలనొప్పి. మగపిల్లలకు అసలు రాదనుకోవద్దు. రోగుల్లో పది మందికి ఒకరు మగవాళ్లే, వాళ్లను ఆలస్యంగా గుర్తిస్తుంటారు.

ఇప్పుడు లూపస్ లేదన్నారు. తర్వాత వస్తుందా?

అమెరికా సైన్యంలో దాచి ఉంచిన రక్తనమూనాలతో 2003లో ఒక అధ్యయనం వెలువడింది. తర్వాత లూపస్ తేలిన 130 మంది పాత రక్తం తీసి చూస్తే, 88 శాతం మందిలో జబ్బు తేలకముందే ఏదో ఒక ఆటో యాంటీబాడీ ఉంది. కొందరిలో తొమ్మిదేళ్లకు పైగా ముందే ఉంది. ఏఎన్ఏ, రో ముందు వచ్చాయి, స్మిత్, ఆర్ఎన్‌పీ జబ్బు బయటపడే ముందు వచ్చాయి. ఇది విని గాభరా పడేవాళ్లు ఆ లెక్కను తలకిందులుగా చదువుతున్నారు. జబ్బు వచ్చినవాళ్లలో వెనక్కి వెళ్లి చూసిన సంగతి ఇది. యాంటీబాడీ ఉన్నవాళ్లందరికీ జబ్బు వస్తుందని కాదు.

ఏడాదికోసారి ఏఎన్ఏ మళ్లీ చేయించే పని లేదు. ఒకసారి పాజిటివ్ వస్తే సాధారణంగా అలాగే ఉంటుంది, జబ్బు తగ్గినా ఉంటుంది. ఆ డబ్బుతో యూరిన్, సీబీసీ చేయించుకోండి. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఏఎన్ఏ కలిపి అమ్మడం నా దృష్టిలో జనానికి భయాన్ని అమ్మడమే.

ఎవరికి చూపించాలి? ఏం తీసుకెళ్లాలి?

రుమటాలజిస్టుకు. తిరుపతిలో స్విమ్స్ ఉంది. చిత్తూరు, పలమనేరు వైపువాళ్లు ఎప్పటినుంచో వేలూరు సీఎంసీకి వెళ్లడం అలవాటే. ఎక్కడికి వెళ్లినా స్టెరాయిడ్ మొదలుపెట్టకముందు చేయించిన మొదటి రిపోర్టులు తప్పకుండా పట్టుకెళ్లండి. స్టెరాయిడ్ పడ్డాక డీఎస్‌డీఎన్ఏ తగ్గుతుంది, కాంప్లిమెంట్ పెరుగుతుంది, అప్పుడు మొదట్లో ఏముందో ఎవరూ చెప్పలేరు. మచ్చలు వస్తూ పోతూ ఉంటే అవి ఉన్నప్పుడే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. కాళ్ల వాపు, ఆయాసం, ఫిట్స్, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం, రిపోర్టుల కోసం కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. కాగితాలు వెనకాల ఎవరైనా తెచ్చిస్తారు.